గడి నిండా రంగులే, డ్యూటీలో మాత్రం ఎవరూ లేరు

ప్రశ్న: మా దగ్గర 34 మంది పనిచేస్తారు, రోజుకి మూడు షిఫ్టులు. రోస్టర్ వేసేది నేనే. కొత్తగా వచ్చిన షెడ్యూలింగ్ సాఫ్ట్‌వేర్‌లో రంగులు పెట్టుకునే వీలుంది కదా అని ఒక్కొక్కరికి ఒక్కో రంగు ఇచ్చాను. లీవుకి ఒకటి, ఓవర్‌టైమ్‌కి ఒకటి, ట్రైనింగ్‌కి ఇంకొకటి. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. కానీ పోయిన నెల ఒక నైట్ షిఫ్టుకి మనిషే లేడని ఆ రాత్రి ఫోనొస్తే గానీ నాకు తెలియలేదు. తెరిచి చూస్తే ఆ గడిలో ఉన్నది లేత నారింజ, అంటే లీవు. ముదురు నారింజ అనుకుని, ఓవర్‌టైమ్ మీద వస్తున్నాడులే అని దాటేశాను. రంగులు మార్చాలా, అసలు తీసేయాలా?

జవాబు: అన్నీ తీసేయక్కర్లేదు, మనుషులకిచ్చిన 34 రంగులు మాత్రం ఇవాళే తీసేయండి. వరస మొదట్లో పేరు ఉండనే ఉంది, మళ్ళీ అదే సంగతి రంగుతో చెప్పించడం దేనికి? పైగా అన్ని రంగులుంటే ఒకదానికీ పక్కదానికీ తేడా పట్టుకోవడానికే మీ కంటి ఓపికంతా అయిపోతుంది, నారింజ దగ్గర జరిగింది అదే.

రోస్టర్‌ని ఒక్కసారి కొత్తవాళ్ళలా చూడండి. నిలువున పేర్లు, అడ్డంగా తేదీలు. ఈ రెండూ చెప్పలేనిది ఆ రోజు ఆ మనిషిది ఏ షిఫ్టు అన్నది, కాబట్టి రంగు దానికివ్వండి. మూడు షిఫ్టులకి మూడు లేత రంగులు, రాత్రిది కాస్త ముదురుగా ఉంటే మంచిది, ఎందుకంటే చూడగానే రాత్రి అనిపించాలి. వీక్లీ ఆఫ్ గడి తెల్లగా వదిలేయండి. లీవుకి బూడిద రంగు, అంటే ఆ మనిషి లెక్కలో లేడని. ఓవర్‌టైమూ ట్రైనింగూ రంగుతో చెప్పాల్సినవి కావు, గడిలో ఒక అక్షరం చాలు. మీ దగ్గర షిఫ్టు కంటే ఏ పని చేసేవాళ్ళన్నదే ముఖ్యమైతే రంగు దానికివ్వండి, షిఫ్టుని అక్షరంతో రాయండి. రెండిటికీ రంగు ఇవ్వాలనుకోవడం దగ్గరే అందరం చెడతాం. నేనూ ఒకప్పుడు గడికో రంగు, అంచుకో రంగు, అక్షరానికో రంగు పెట్టి రోస్టర్‌ని రంగవల్లి చేసినవాణ్ణే, వారం తిరిగేసరికి ఏ రంగు దేనికో నాకే గుర్తులేదు.

ఇప్పుడు అసలు విషయం. మీ రోస్టర్‌లో నిండిన షిఫ్టులన్నీ మెరిసిపోతున్నాయి, మనిషి లేని షిఫ్టు మాత్రం ఎక్కడా కనపడదు. ఇది తిరగబడాలి. సజావుగా ఉన్నదంతా లేతగా ఉండాలి, కంట్లో పొడుచుకునే రంగు ఒకే ఒకటి ఉండాలి, అదీ మీరు ఏదో ఒకటి చేయాల్సిన చోటే. కింద మూడు షిఫ్టులకీ ఒక్కో వరస పెట్టి, ఆ రోజు ఎంతమంది ఉన్నారో లెక్క రానిచ్చి, కావాల్సినదానికంటే తగ్గితే ఆ అంకె గడి ఎర్రబడేలా రూల్ పెట్టండి. అలా ఉండి ఉంటే ఆ నైట్ ఖాళీ వారం ముందే దొరికేది, లేత నారింజో ముదురు నారింజో అని చూడాల్సిన పనే ఉండేది కాదు.

అదే ఎరుపుకి ఇంకొక్క పని అప్పజెప్పొచ్చు: నైట్ చేసి దిగినవాడికి ఆ ఉదయమే మళ్ళీ డ్యూటీ పడితే. నైట్‌ని మొదలయ్యే తేదీ కిందే రాస్తాం కాబట్టి పక్క గడిలో ఉదయం షిఫ్టు చూస్తే మర్నాడు కదా అనిపిస్తుంది, నిజానికి మధ్యలో విశ్రాంతే ఉండదు. యూరోపియన్ యూనియన్ 2003 నాటి పనివేళల ఆదేశంలో ప్రతి 24 గంటల్లో వరసగా 11 గంటల విశ్రాంతి ఉండాలని ఉంది. మీకు ఏ నిబంధన వర్తిస్తే ఆ గంటలు రూల్‌లో పెట్టుకోండి.

ప్రశ్న: నేను ఇంకా ఎక్సెల్‌లోనే వేస్తున్నాను. గడులకి చేత్తో రంగులు వేస్తాను. పసుపు గడులు ఎన్నో లెక్కపెట్టే ఫార్ములా ఉందా?

జవాబు: ఎక్సెల్‌లో గడులు లెక్కపెట్టే ఫార్ములా కౌంటిఫ్‌కి రంగు కనపడదు, గడిలో రాసింది మాత్రమే కనపడుతుంది. రంగుతో ఫిల్టర్ చేసి, మిగిలినవి సబ్‌టోటల్ అనే ఫార్ములాతో లెక్కపెట్టొచ్చు గానీ రోజూ చేసే పని కాదది. పద్ధతి మార్చండి. గడిలో ఉ, సా, రా అని రాయండి, కండిషనల్ ఫార్మాటింగ్‌లో అక్షరాన్నిబట్టి రంగు పడేలా రూల్ పెట్టండి. ఇద్దరు డ్యూటీలు మార్చుకుంటే మీరు అక్షరం మారుస్తారు, రంగు దానంతటదే మారుతుంది, లెక్కా మారుతుంది. చేత్తో వేసిన రంగైతే మనిషి మారినా అది అక్కడే కూర్చుంటుంది. రెండు రూళ్ళు ఒకే గడికి వర్తించి రంగు దగ్గర పోటీ పడితే జాబితాలో పైనున్నదే నెగ్గుతుంది, కాబట్టి ఎరుపు రూల్ అన్నిటికంటే పైన ఉంచండి. కాపీ చేసి అతికించేటప్పుడు విలువలు మాత్రమే అతికించండి, లేకపోతే రూళ్ళు ముక్కలు ముక్కలై కొన్నాళ్ళకి ఒక్కో రూల్ పది చోట్ల కనపడుతుంది.

ప్రశ్న: ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదని మా టీమ్‌లో ఒకతను ఈమధ్యే చెప్పాడు. అతని కోసం వేరే రోస్టర్ వేయాలా?

జవాబు: వద్దు, పాపం అతను ఇన్నాళ్ళూ చెప్పలేక ఊరుకున్నాడంటేనే అర్థం చేసుకోండి, ఇప్పుడు వేరే కాగితం ఇచ్చి నలుగురిలో పెట్టకండి. ఇది అరుదేం కాదు, ఉత్తర యూరప్ మూలాలున్న మగవాళ్ళలో సుమారు 8 శాతం మందికి ఉంటుంది, ఆడవాళ్ళలో 0.5 శాతం. అందరి రోస్టర్‌నే మార్చండి. వెబ్ పేజీలు అందరికీ అందుబాటులో ఉండాలని 2008లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.0 మార్గదర్శకాల్లో కూడా ఏ సమాచారాన్నీ కేవలం రంగుతోనే చెప్పకూడదని ఉంది. ప్రతి గడిలో అక్షరం ఉంటే సగం సమస్య పోతుంది. ఎరుపు-ఆకుపచ్చ జంట బదులు నీలం-నారింజ వాడండి. ఆ తర్వాత రోస్టర్‌ని నలుపు-తెలుపులో ఒక ప్రింటౌట్ తీయండి, ఎవరిది ఏ షిఫ్టో, ఖాళీ ఎక్కడుందో అందులో అతనే చదివి చెప్పగలిగితే సరిపోయినట్టే.