పాత రంపం మిషన్లు బాగుచేసే మా అబ్బాయికి దారేది?

ప్రశ్న: మాది వజ్రపుకొత్తూరు మండలంలో ఒక పల్లె. మా అబ్బాయికి పదిహేడేళ్లు. పదో తరగతి మంచి మార్కులతోనే పాసయ్యాడు. ఇంటర్ ఎంపీసీ మొదటి ఏడాదిలో మూడు సబ్జెక్టులు పోయాయి. మా మామగారు కలప అడితిలో పనిచేసేవారు. ఆయన పోయాక ఇంట్లో మిగిలిన పాత చైన్ రంపాలు రెండు పట్టుకుని వీడు పగలూ రాత్రీ పాకలోనే ఉంటున్నాడు. ఒకటి బాగుచేశాడు. అది చూసి ఊళ్లోవాళ్లు తుప్పుపట్టినవన్నీ తెచ్చి ఇస్తున్నారు. ‘నేను చేసే పని ఇదే’ అంటాడు. వాళ్ల నాన్నేమో సప్లిమెంటరీ రాసి తీరాలంటారు. మధ్యలో నేను నలిగిపోతున్నాను. ఈ పనికి భవిష్యత్తు ఉందా?

జవాబు: అమ్మా, మీరు పంపిన మూడు ఫోటోలూ చాలాసేపు చూశాను. ఐటీఐలో ఇరవై ఏళ్లు పిల్లలకు పని నేర్పినవాణ్ని కాబట్టి, మార్కుల కంటే ముందు నా కన్ను వాటి మీదే పడింది.

మొదటి ఫోటోలో విప్పేసిన స్టిల్ 070 చైన్ రంపం ఉంది. వంద సీసీ బైకు ఇంజనంత ఇంజన్ని చేతుల్లో పట్టుకుని దుంగలు కోసిన కాలం నాటి మిషను అది. దాని పక్కన అట్టముక్క మీద ఇంజను బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడ ఊడదీశాడో అక్కడే గుచ్చి పెట్టాడు. మా దగ్గర రెండేళ్లు చదివి వెళ్లిన పిల్లల్లో సగం మందికి ఈ అలవాటు పట్టలేదు. మీ వాడికి ఎవరు చెప్పారు?

మీరు అడిగినదానికి సూటిగా చెబుతాను. పాత రంపాలు మాత్రమే బాగుచేసి మన శ్రీకాకుళం జిల్లాలో కుటుంబాన్ని పోషించలేం. ఐరోపాలో, అమెరికాలో వీటిని ముచ్చటపడి కొని దాచుకునేవాళ్లున్నారు, అక్కడ దానికో వ్యాపారం ఉంది. మన దగ్గర పాత మిషను తెచ్చేవాడు రేపు పొద్దున్నే సరుగుడు తోటలోకో, జామాయిల్ తోటలోకో దిగాలని తెస్తాడు. అతనికి కావలసింది మిషను నడవడం. అలాంటివాళ్లు ఊరికి ఇద్దరో ముగ్గురో ఉంటారు. కానీ వాడు ఆ పాకలో నేర్చుకుంటున్నది రంపంతో ఆగిపోదు. జీడితోటల్లో గడ్డి కోసే బ్రష్ కట్టర్లు, మందు కొట్టే పవర్ స్ప్రేయర్లు, కొన్ని పడవల వెనక తగిలించే ఔట్‌బోర్డ్ ఇంజన్లు కూడా చాలావరకు టూ స్ట్రోకే, అంటే రంపంలాగే పెట్రోల్లో ఆయిలు కలిపి నడిపేవే. సోంపేట నుంచి రణస్థలం దాకా తోటలూ సముద్రమూ పక్కపక్కనే ఉన్న జిల్లా మనది. చిన్న ఇంజను నాడి తెలిసినవాడికి ఇక్కడ పని కరువు కాదు. కాబట్టి పాత రంపాలు వాడికి బడి అనుకోండి. కూడు పెట్టేవి మిగతావి.

నాడి తెలుసా లేదా అన్నది మీ రెండో ఫోటో చెబుతుంది. అది పిస్టన్. గీతలు సైలెన్సరు వైపే లోతుగా ఉన్నాయి. అంటే ఇంజను విపరీతంగా వేడెక్కి పట్టేసింది. పెట్రోల్లో ఆయిలు తక్కువైనా అలా అవుతుంది, ఎక్కడో గాలి లీకై పెట్రోలు, గాలి మిశ్రమం పలచబడినా అవుతుంది. పాత మిషన్లలో చాలాసార్లు దొంగ క్రాంకు (పిస్టన్ తిప్పే ఇరుసు) చివర్లలో ఉండే ఆయిల్ సీళ్లే. రబ్బరు ఏళ్ల తరబడి ఎండి గట్టిపడిపోతుంది, బయటికి చూస్తే బాగానే కనిపిస్తుంది. అది పట్టుకోకుండా కొత్త పిస్టన్ వేస్తే నాలుగు రోజుల్లో అదీ పట్టేస్తుంది.

ఈ ఆదివారం వాడి పక్కన కూర్చుని ఒక్క మాట అడగండి. ‘ఈ పిస్టన్ ఎందుకు పోయింది నాన్నా?’ అని. ‘పాతదైపోయిందమ్మా’ అంటే ఇంకా నేర్చుకోవాలి. సిలిండరుకు గాలి వచ్చే దారీ పొగ పోయే దారీ ట్యూబు రబ్బరుతో మూసి, సైకిలు పంపుతో 7 పీఎస్ఐ గాలి పెట్టి, సబ్బునీళ్లు రాసి బుడగ ఎక్కడ లేస్తుందో చూశానంటే మాత్రం మీరు నిశ్చింతగా ఉండండి. ఆ పిల్లాడు మెకానిక్కే.

మూడో ఫోటోలో దూదిపుల్లతో సిలిండరు లోపల బాత్రూం యాసిడ్ రాస్తున్నాడు. పిస్టన్ నుంచి అంటుకున్న అల్యూమినియం కరిగిపోతుంది, కానీ ఆ యాసిడ్ కింద ఉన్న క్రోము పూతనూ తినేస్తుంది. ఆలోచన మంచిదే, పూతకు మాత్రం యాసిడ్ తగలనివ్వకూడదు. 070కి చైనా సిలిండర్లు చవగ్గా దొరుకుతున్నా పాతదాన్ని పారేయకుండా బతికించాలని చూశాడు, అది నాకు మరీ నచ్చింది. కానీ చేతికి గ్లవుజు లేదు, కళ్లజోడు లేదు, వెనక పాక తలుపు మూసి ఉంది. ఆ పని ఆరుబయటే చెయ్యాలి.

ఇక చదువు సంగతి. వాళ్ల నాన్నగారి భయం నాకు అర్థమవుతుంది. చేతిలో కాగితం లేని మెకానిక్కుకి బ్యాంకు అప్పివ్వదు, కంపెనీ గేటు తెరవదు. అయితే ఆ కాగితం ఎంపీసీయే కానక్కర్లేదు. పదో తరగతి మార్కులున్నాయి కాబట్టి ఐటీఐలో చేర్చండి. మోటార్ మెకానిక్ ట్రేడు ఇప్పించమని అందరూ అంటారు. నేను మాత్రం టర్నర్ అంటాను, లేదంటే ఫిట్టర్. రెండూ రెండేళ్ల ట్రేడులు. ఇంజను వాడికి ఎలాగూ వస్తోంది, రానిది లేతు, అంటే ఇనుమును తిప్పుతూ చెక్కే మిషను. యాభై ఏళ్ల మిషనుకు బుష్షు కావాలంటే ఏ షాపులోనూ దొరకదు, తనే తిప్పుకోవాలి. కొలతలో నూరోవంతు మిల్లీమీటరు అంటే ఏమిటో ఆ రెండేళ్లలో వేళ్లకు తెలుస్తుంది. రేపు సొంత షాపు వద్దనుకున్నా పైడిభీమవరం వైపో, విశాఖ వైపో అప్రెంటిస్‌గా వెళ్లొచ్చు. ఐటీఐ అయ్యాక డిప్లొమాలోకి వెళ్లే దారి కూడా ఉంది, అది నాన్నగారికి చెప్పండి.

సప్లిమెంటరీ మాటేమిటంటారా? వాడు తనంతట తాను రాస్తానంటే రాయనివ్వండి. రాయించడం కోసం పాకకు తాళం మాత్రం వేయకండి.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మీ ఉద్దానంలో కొబ్బరీ జీడీ ఎలా నేలకొరిగాయో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆ వారం నేను పలాస వైపు వెళ్లాను. ఒక చిన్న షాపు ముందు పాతికకు పైగా చైన్ రంపాలు వరసగా పెట్టి ఉన్నాయి. రోడ్లకు అడ్డంపడ్డ చెట్లు కోస్తూ కోస్తూ ఆగిపోయినవి. చాలావాటి జబ్బు ఒకటే. తొందరలో ఆయిలు కలపకుండా ఉత్త పెట్రోలు పోసేశారు. లోపల ఒక్కడే మెకానిక్కు, రెండు రాత్రులుగా నిద్ర లేదన్నాడు. బయట జనం కరెంటు లేక, నీళ్లు లేక ఎదురుచూస్తున్నారు. ఈ పని ఎంత గౌరవమైనదో నాకు ఆ రోజు తెలిసింది. అప్పటినుంచి ఏ తల్లి ఇలాంటి ప్రశ్న అడిగినా నాకు ఆ షాపే గుర్తొస్తుంది.

ఐటీఐ అయ్యాక షాపు పెడతానంటే, చిన్న వ్యాపారాలకు బ్యాంకులిచ్చే ముద్ర రుణంలో మొదటి మెట్టు 50,000 రూపాయలు, రెండోది 5 లక్షల దాకా. పనిముట్లకు మొదటిది చాలు. లేతు కొనాలంటే రెండోది. ఆ సంగతి అప్పుడు చూద్దాం.

ఇప్పటినుంచే మాన్పించాల్సిన అలవాట్లు రెండు. ఒకటి, ట్యాంకులో పెట్రోలు వదిలేయడం. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది తేమను పీల్చుకుంటుంది, పాత గొట్టాలనూ కార్బొరేటరులో డయాఫ్రమ్ అనే పల్చటి పొరనూ పాడుచేస్తుంది. పని అయ్యాక ట్యాంకు వంపేసి, ఇంజను దానంతటది ఆగేదాకా నడపాలి. రెండు, నోటిలెక్క. ఎవరి మిషను, ఏం జబ్బు, ఏం వేశాడు, ఎన్ని గంటలు పట్టింది, ఎంత తీసుకున్నాడు, అన్నీ ఒక నోటుపుస్తకంలో రాయమనండి. ‘మనూరోళ్లే కదా’ అని ఊరికే చేసిపెడుతున్నాడని నా అనుమానం. పార్టుల డబ్బు వేరు, వాడి గంటల డబ్బు వేరు.

ఇంకొకటి, ఇది బతిమాలి చెబుతున్నాను. ఆ పాత మిషన్ల కేసింగు మెగ్నీషియం. ఆకురాయితో రుద్దినప్పుడు రాలిన రజనుకు నిప్పంటుకుంటే నీళ్లు పోయకూడదు, మంట ఇంకా రేగుతుంది. పొడి ఇసుక పోయాలి. ఒక బక్కెట్టు నిండా ఇసుక పాకలో ఎప్పుడూ ఉండాలి. అలాంటి పాత రంపాలకు చైన్ బ్రేకు కూడా ఉండదు. బారు (చైను తిరిగే పొడవాటి పట్టీ) ముక్కు పైభాగం కర్రకు తగిలిందంటే మిషను ఒక్కసారిగా మొహం మీదికి ఎగురుతుంది, ఆపేది ఏదీ లేదు. బాగుచేయడం వేరు, కోయడం వేరు. పద్దెనిమిది నిండేదాకా, హెల్మెట్టూ కాళ్లకు కోతపడని ప్యాంటూ కొనేదాకా చెట్టు కోయడానికి ఎవరు పిలిచినా పంపకండి. స్టార్ట్ చేసి చూడాలంటే మిషన్ని నేల మీద పెట్టి, వెనక పిడిలో కాలు గట్టిగా ఆనించి, ఎడంచేత్తో ముందు పిడి పట్టుకుని తాడు లాగమనండి. చేతిలో వేలాడేసి లాగడం చూస్తే మాత్రం మీరు అక్కడే ఆపించండి.