రేసు కారు విభాగం చవకగా నిలవాలంటే

ప్రశ్న: మేము మెకానికల్ ఇంజినీరింగ్ చదివిన నలుగురు మిత్రులం. పాత చిన్న కార్ల ఇంజిన్లతో, మధ్యతరగతి కుర్రవాళ్లకు అందుబాటులో ఉండే కొత్త రేసు కారు విభాగాన్ని ప్రారంభించాలనుకుంటున్నాము. కారును చవకగా తయారు చేయగలమన్న నమ్మకం ఉంది. ఇంకా ఏమి చూసుకోవాలి?
– ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: మీరు కారు ధరను గురించి ఆలోచించారు. ఇటువంటి విభాగాలను కుంగదీసేది మాత్రం, కారు కొన్న తరువాత తోటివాడికంటే అర సెకను ముందుండటానికి ప్రతి రేసుకూ పెట్టే ఖర్చు. కనుక కారుకంటే ముందు నిబంధనల పుస్తకం రాసుకోండి.

దీనికి మంచి ఉదాహరణ ఇంగ్లండులో పుట్టిన ఫార్ములా ఫోర్డ్ అనే రేసు కారు విభాగం. రేసింగ్ ఇంజిన్లకూ రేసింగ్ టైర్లకూ అయ్యే ఖర్చును అక్కడి డ్రైవింగ్ శిక్షణ సంస్థలు భరించలేకపోతున్న రోజుల్లో, బ్రాండ్స్ హ్యాచ్ సర్క్యూట్ నిర్వాహకుడు జాన్ వెబ్, శిక్షణ సంస్థ నడిపే జెఫ్ క్లార్క్ కలిసి, ఒంటి సీటు కారులో ఫోర్డ్ కార్టినా ఇంజిన్‌ను పెట్టి, మామూలు రోడ్డు టైర్లు తొడిగి నడపవచ్చని తలచారు. మొదటి రేసు 1967 జూలై 2న జరిగింది. కారు ధర వెయ్యి పౌండ్లు దాటకూడదన్నది వారి నియమం. ఆ వెయ్యి పౌండ్ల గీత ఎక్కువ కాలం నిలవలేదు. ఒకే రకం ఇంజిన్, గాలి ఒత్తిడితో కారును నేలకు అదిమే రెక్కలు ఉండకూడదన్న నిబంధన వంటి సాంకేతిక నియమాలు మాత్రం దశాబ్దాల పాటు నిలిచాయి. తరువాత ఫార్ములా వన్ ప్రపంచ విజేత అయిన అయర్టన్ సెన్నా, 1981లో బ్రెజిల్ నుంచి వచ్చి ఇంగ్లండులో తొలి ఏడాది నడిపింది ఈ కార్లనే. ధరకు పరిమితి పెట్టడం తేలికే గానీ, ఎవరు ఎంతకు కొన్నారో తేల్చడం ఎవరి తరమూ కాదు.

మన దేశంలోనూ ఇందుకు దారి వేసినవారున్నారు. కోయంబత్తూరుకు చెందిన ఎస్. కరివర్ధన్ 1980ల చివర మారుతి 800 ఇంజిన్‌తో ఫార్ములా మారుతి కార్లను రూపొందించారు. ఫార్ములా వన్‌లో నడిపిన తొలి భారతీయుడు నారాయణ్ కార్తికేయన్ తొలినాళ్లలో నడిపినవి అవే. ఇంజిన్ ఊరూరా దొరికేది కావడం, విడిభాగాల కోసం విదేశాల వైపు చూడనక్కర లేకపోవడం దాని బలం. నా ఉద్దేశంలో, మీరు కూడా పాడైతే మరునాడే దొరికే ఇంజిన్‌నే ఎంచుకోవాలి, అది ఎంత పాతదైనా సరే.

ఇంజిన్లన్నీ ఒకే చోట కూర్పించి, సీలు వేయించండి; సీలు తెగితే ఆ రేసు ఫలితం రద్దని ముందే రాయండి. అంతకంటే కఠినమైన ఉపాయం ఒకటి అమెరికాలోని చిన్న ట్రాకుల్లో ఉంది: గెలిచినవాడి ఇంజిన్‌ను నిర్ణీత ధరకు మరో పోటీదారు అడిగి తీసుకోవచ్చు. అమ్ముకోవలసి వస్తుందన్న భయం ఉన్నవాడు దానిపై లక్షలు పోయడు. టైర్ల విషయంలో ఒకే కంపెనీ, ఒకే రకం, ఒక రేసుకు ఇన్నే అని ఖచ్చితంగా నిర్ణయించండి. ఏడాది లెక్క చూసుకుంటే టైర్లే పెద్ద పద్దు అవుతాయి. నియమం చెప్పనిది అనుమతి లేనట్టే అన్న ఒక్క వాక్యం చేర్చితే సగం వాదనలు తగ్గుతాయి. చాసిస్‌ను, అంటే కారు చట్రాన్ని, ఇనుప గొట్టాలతో చేస్తే, దెబ్బ తిన్నప్పుడు మంచి వెల్డర్ సరిచేయగలడు.

ఆదా చేయకూడనివి రోల్ బార్ (కారు బోల్తా పడితే డ్రైవరు తలను కాపాడే కమ్మీ), సీటు బెల్టులు, హెల్మెట్, మంటలు ఆర్పే పరికరం. దేశంలో మోటారు క్రీడలను నియంత్రించే మోటార్ స్పోర్ట్స్ క్లబ్బుల సమాఖ్యను కార్లు తయారయ్యాక కాకుండా, నమూనా దశలోనే సంప్రదించండి. డ్రైవర్లకు లైసెన్సులు కూడా అక్కడివే.

ఇక ట్రాకు. 2023 ఫిబ్రవరిలో ఫార్ములా ఈ అనే విద్యుత్ కార్ల రేసు కోసం హుస్సేన్ సాగర్ పక్కన వేసిన సర్క్యూట్ తాత్కాలికమైనది, మీరు దానిపై ఆధారపడలేరు. కోయంబత్తూరులోని కరి స్పీడ్‌వేకో, చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోటైకో వెళ్లవలసిందే. లారీ కిరాయి, బస ఖర్చు కలిస్తే కారు చవకదనమంతా కరిగిపోతుంది. అందువల్ల ఒకసారి వెళ్లినప్పుడు రెండు మూడు చిన్న రేసులు జరిపించేలా, కార్లన్నీ కలిపి ఒకే వాహనంలో తరలించేలా ఏర్పాటు చేసుకున్నాకే ప్రవేశ రుసుము ఎంతో ప్రకటించండి.