వైద్య సలహా: చిలక్కొయ్యకు వేలాడే గౌను

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా. చెన్నైలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఛాతీ వ్యాధుల వార్డు నర్సుగా పనిచేస్తున్నాను. మాకు వారానికి ఒక్క ఎన్‌95 మాస్కు ఇస్తారు. డ్యూటీ దిగాక దానిపై శానిటైజర్ చల్లి, మడిచి, ప్లాస్టిక్ కవరులో దాచుకొమ్మంటారు. గౌను చిలక్కొయ్యకు తగిలించి వస్తే తరువాతి షిఫ్టు వాళ్లు అదే వేసుకుంటారు. ఇంట్లో రెండేళ్ల పాప ఉంది. ప్రమాదమేమైనా ఉందా?
– ఒక సోదరి, పెరంబూరు, చెన్నై

జవాబు: మీ బెంగంతా మాస్కు గురించే ఉన్నట్టుంది గానీ, మీ ఉత్తరం చదివాక నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఆ చిలక్కొయ్య మీది గౌనే. ముందు మాస్కు సంగతి చూద్దాం. ఛాతీ వార్డులో మాస్కు ముఖ్యంగా క్షయ (టీబీ) కోసమే, అది గాలి ద్వారా సోకుతుంది. మాస్కు పొరల్లో చిక్కుకున్న క్రిములు తిరిగి గాలిలోకి లేవడం అరుదు కనుక, చిరగకుండా, తడవకుండా, ముఖానికి బిగుతుగా అతుక్కున్నంత వరకు ఒకే మాస్కును అదే మనిషి మళ్లీ వాడుకోవడం టీబీ వార్డుల్లో ఉన్న పద్ధతే. 2020లో మాస్కుల కొరత వచ్చినప్పుడు అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ కూడా, తయారీదారు వేరే లెక్క చెప్పని పక్షంలో, ఒక మాస్కును 5 సార్లకు మించి తొడగవద్దన్నది.

శానిటైజర్ చల్లడం మాత్రం తప్పు. తలకు రుద్దిన దువ్వెన కాగితపు ముక్కలను లాగినట్టు, ఎన్‌95 లోపలి పాలీప్రొపిలీన్ పొర తనలోని స్థిర విద్యుత్తుతో సూక్ష్మ కణాలను లాగి పట్టుకుంటుంది. ఆల్కహాల్ తగిలితే ఆ విద్యుత్తు పోతుంది, సబ్బునీళ్లకూ అంతే. పైకి చూస్తే మాస్కు నిన్నటిలాగే ఉంటుంది కాబట్టి మోసపోయిన సంగతి మనకు తెలియదు. ఇక మడిచినప్పుడు రోగి దగ్గు తుంపరలు పడిన బయటి వైపు వచ్చి మీ ముక్కుకు ఆనే లోపలి వైపును తాకవచ్చు. పైగా చెన్నై ఉక్కపోతలో ప్లాస్టిక్ కవరులో చెమట ఆరదు. పేరు, తేదీ రాసిన కాగితపు కవరులో మడవకుండా పెట్టండి. తీసేటప్పుడు పట్టీలు మాత్రమే పట్టుకోండి, ముందూ తరువాతా చేతులు కడుక్కోండి. తొడిగాక గట్టిగా ఊదినప్పుడు అంచుల నుంచి గాలి తగిలినా, పట్టీలు సాగినా, రక్తమో కఫమో చిందినా, ఊపిరి బరువనిపించినా, వారం నిండలేదని చూడకుండా పారేయండి.

గౌను విషయం వేరు. ఎసినెటోబాక్టర్ వంటి మొండి బాక్టీరియా పొడి ఉపరితలాల మీద కూడా రోజులు, ఒక్కోసారి వారాల తరబడి బతుకుతుంది. అది స్పర్శతో పాకుతుంది. మీరు విప్పిన గౌను ముంజేతుల దగ్గర అంటిన క్రిములు, దాన్ని తొడుక్కునే సిస్టర్ వేళ్లకు, అక్కడి నుంచి వెంటిలేటర్ మీదున్న రోగి గొట్టానికి చేరతాయి. ఆరోగ్యంగా ఉన్న మీ పాప కన్నా ఆ రోగికే ఇందువల్ల ముప్పు ఎక్కువ. అయినా యూనిఫారం ఆసుపత్రిలోనే మార్చుకొని, ఇంటికెళ్లి స్నానం చేశాకే పాపను ఎత్తుకోండి. వాడిపారేసే గౌనైతే అప్పుడే పారేయాలి, బట్టదైతే ఉతుకుకు వెళ్లాలి. ఇద్దరు తొడగడం ఏ లెక్కనా కుదరదు. ఈ మాటను మీ ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్సుకు నోటితో కాక కాగితం మీద చెప్పండి, వీలైతే తోటి సిస్టర్ల సంతకాలతో.

ప్రశ్న: గ్లౌజులకు శానిటైజర్ రాసుకొని ఒక రోగి నుంచి మరో రోగి దగ్గరికి వెళ్లవచ్చా?
– ల్యాబ్ టెక్నీషియన్, అంబత్తూరు

జవాబు: కూడదు. గ్లౌజులకు కంటికి కనిపించని చిల్లులు పడవచ్చు, శానిటైజర్‌తో పదే పదే రుద్దితే అవి ఇంకా బలహీనపడతాయి. విరేచనాలు కలిగించే క్లాస్ట్రిడియం డిఫిసిల్ బీజాలు ఆల్కహాల్‌కు చావవు కూడా. రోగికొక జత మార్చి, విప్పిన ప్రతిసారీ చేతులు శుభ్రం చేసుకోండి. వాడిన గ్లౌజులు ఎర్ర సంచిలోకి, మాస్కులు పసుపు సంచిలోకి వెళ్లాలి.