ల్యాండ్‌లైన్ నుంచి సెల్‌ఫోన్ దాకా: మా ఎస్‌టీడీ బూత్‌లో నేను చూసింది

ల్యాండ్‌లైన్ రోజులతో పోలిస్తే ఫోన్ వాడకంలో మీరు స్వయంగా చూసిన పెద్ద మార్పు ఏమిటని నన్ను ఒకరు అడిగారు. రేట్లు తగ్గడం, వీడియో కాల్స్ రావడం అందరికీ తెలిసినవే. నాకు వాటికన్నా పెద్దగా కనిపించేది ఇంకొకటి. ఒకప్పుడు ఫోన్‌లో మాట్లాడేది ఇద్దరే అయినా వినేవాళ్లు పదిమంది ఉండేవారు.

మాది కోరుట్ల దగ్గర పల్లె. 1996లో మా నాన్న ఇంటి ముందు గదిలో ఎస్‌టీడీ బూత్ పెట్టాడు, అంటే డబ్బు కట్టి దూరపు ఊళ్లకు ఫోన్ చేసుకునే చోటు. పసుపు బోర్డు, అద్దాల క్యాబిన్, ఎర్రంకెలు మారుతూ ఉండే మీటరు. క్యాబిన్‌కు తలుపు ఉండేది కానీ ఎండాకాలంలో దాన్ని మూసుకుని లోపల నిలబడడం ఎవరి వల్లా అయ్యేది కాదు. పైగా దూరం కాల్ అంటే గట్టిగా అరవాలి. బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లందరికీ ప్రతి మాటా వినిపించేది.

మా వైపు ఏ వాడకు పోయినా దుబాయ్‌లోనో మస్కట్‌లోనో సౌదీలోనో ఉన్నవాళ్లు కనిపిస్తారు. దుబాయ్‌లో అప్పట్లో శుక్రవారం సెలవు కాబట్టి ఆ రోజు మా ఫోనుకు ఊపిరాడేది కాదు. అటునుంచి ఒకతను చేసి, "మా ఇంట్లోళ్లను జర పిలువు, పది నిమిషాలకు మళ్ల చేస్త" అని పెట్టేసేవాడు. పిలవడం నా పని. అప్పుడు నాకు పదేళ్లు. "అక్కా, దుబాయ్ ఫోనొచ్చింది!" అని గల్లీ చివరి నుంచే కేకేసేవాణ్ని. చుడుతున్న బీడీని చాటలో వదిలేసి ఆమె లేచేది, వెనకాలే అత్త, పిల్లలు. ఇలా పిలిచినందుకు నాన్న ఐదు రూపాయలు తీసుకునేవాడు. లేనివాళ్లు తర్వాత ఇచ్చేవారు, కొందరి దగ్గర ఆయన అడిగేవాడే కాదు.

పది నిమిషాలని చెప్పి ఒక్కోసారి రెండు గంటలయ్యేది. అక్కడ అతను కూడా బూత్ దగ్గర లైన్‌లో నిలబడ్డాడేమో, లైన్ కలవడం లేదేమో. వీళ్లు కదలకుండా బెంచీ మీదే ఉండేవారు. తీరా మోగాక మాటలు ఎంతసేపని? "మంచిగున్నవా? పైసలు అందినయా? పిల్లలు బడికి పోతున్నరా?" మూడు నిమిషాలు. ముందు అత్త, ఆ తర్వాత పిల్లలు, మిగిలితే భార్య. ఆమె ఎప్పుడూ అనే మాట ఒకటే, "అంత మంచిదే."

మా గల్లీ అక్క ఒకామె ఏళ్ల తరబడి ఆ ఒక్క మాటే చెప్పింది. ఆమె భర్త దుబాయ్ పోవడానికి ఏజెంటుకు కట్టిన డబ్బు వడ్డీకి తెచ్చింది. మిత్తి పెరిగిపోతోంది, వడ్డీ ఆసామి ఇంటికొచ్చి తిడుతున్నాడు. ఇదంతా భర్తకు చెప్పాలంటే, ఆ ఆసామి శుక్రవారం మా బెంచీ మీదే కూర్చునేవాడు. ఎవరికి ఎంత పంపారో అక్కడే తెలుస్తుంది కదా. ఉత్తరం రాయించుకోవాలన్నా ఇంకొకరితో చెప్పాల్సిందే. ఊళ్లో అందరం ఒక కుటుంబంలా ఉండేవాళ్లం అని ఎవరైనా ఆ రోజుల గురించి అంటే నాకు ఆమె ముఖమే గుర్తొస్తుంది.

2004లో డిగ్రీకి హన్మకొండ వచ్చాను. చౌరస్తా దగ్గర బూత్ ముందు రాత్రిపూట మా హాస్టల్ పిల్లలం నిలబడేవాళ్లం. అంతకుముందు ఏళ్లలో రాత్రి బాగా పొద్దుపోయాక ఎస్‌టీడీ రేటు పావు వంతుకు పడిపోయేది కాబట్టి, ఆలస్యంగా ఫోన్ చేయడం అందరికీ అలవాటైపోయింది. అప్పటికే సెల్‌ఫోన్లు బూత్‌లను తినేస్తున్నాయి. దేశంలో మొదటి మొబైల్ కాల్ 1995 జూలై 31న అప్పటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తా నుంచి ఢిల్లీలో ఉన్న కేంద్ర టెలికాం మంత్రి సుఖ్‌రామ్‌కు చేశారు. అప్పుడు నిమిషానికి 16 రూపాయల పైన, వచ్చిన కాల్‌కు కూడా కట్టాలి. కాబట్టి అది మాలాంటివాళ్ల వస్తువు కాలేదు. 2003లో ఇన్‌కమింగ్ ఉచితం అయ్యాకే పల్లెల్లో సెల్ దిగింది. ఎవరో ఒకరు ఫోన్ చేస్తే చాలు, మన జేబులోంచి పైసా పోదు. మిస్డ్ కాల్ భాష పుట్టింది కూడా అప్పుడే. ఒక రింగు ఇస్తే బస్ ఎక్కాను, రెండు ఇస్తే దిగాను అని మా ఇంట్లో ఒప్పందం. 2006 మార్చిలో బీఎస్ఎన్ఎల్ దేశంలో ఎక్కడికైనా నిమిషానికి రూపాయి చేసేసరికి నాన్న బూత్ మూసి, ఆ గదిలో రీచార్జ్ కార్డులు అమ్మాడు.

ఆ అక్కకు భర్త 2005లో ఊరికొచ్చేవాళ్ల చేత నోకియా సెల్ పంపాడు. మా ఊళ్లో సిగ్నల్ ఇళ్లలో అందేది కాదు, డాబా ఎక్కాలి. మొదటి శుక్రవారం ఆమె ఒక్కతే డాబా మీదికి పోయింది. గంట తర్వాత కళ్లు తుడుచుకుంటూ దిగిందని మా అమ్మ చెప్పింది. అప్పు ఎంత పెరిగిందో అతనికి తెలిసింది ఆ రోజే. ఏడాదిన్నరలో తీర్చేశారు. అంతకుముందు ఎన్నేళ్ల మిత్తి వృథాగా కట్టారో లెక్కేస్తే నాకు ఇప్పటికీ బాధేస్తుంది.

పోగొట్టుకున్నవి లేవని అనను. ల్యాండ్‌లైన్‌కు కరెంటు ఎక్స్ఛేంజ్ బ్యాటరీల నుంచి తీగలోనే వచ్చేది. ఊరంతా చీకటైనా ఫోన్ మోగేది. ఇప్పుడు ఫైబర్ కనెక్షన్‌కు ఇంట్లో కరెంటు పోతే ఫోనూ పోతుంది. నంబర్లు నోటికి ఉండేవి. ఇప్పుడు లేవు. నిరుడు మా నాన్న కాజీపేట స్టేషన్‌లో దిగేసరికి ఆయన ఫోన్ చార్జింగ్ అయిపోయింది. పక్కవాళ్లు ఫోన్ ఇస్తామన్నారు, కానీ నా నంబరు ఆయనకు గుర్తు లేదు. ఒకప్పుడు వంద నంబర్లు చూడకుండా తిప్పిన మనిషి. రెండు గంటలు ప్లాట్‌ఫాం మీద కూర్చున్నాడు, నేను వెతుక్కుంటూ వెళ్లేదాకా. అప్పటి నుంచి ఆయన జేబులో చిన్న కార్డు మీద మూడు నంబర్లు రాసి పెట్టాను. మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ పని ఇవాళే చేయండి, దయచేసి వాయిదా వేయకండి.

ఇప్పుడు ఆ అక్క కొడుకు దుబాయ్‌లో ఉన్నాడు. అక్కడ వాట్సాప్ కాల్స్ పనిచేయవు కాబట్టి బోటిమ్ అనే యాప్‌లో వీడియో కాల్ చేస్తాడు. పోయిన దసరాకు వెళ్లినప్పుడు చూశాను. ఫోన్‌ను గోడకు ఆనించి పెట్టి ఆమె తునికాకు కత్తిరిస్తోంది. అటువైపు అతను రూములో కూర తరుగుతున్నాడు. చాలాసేపు ఇద్దరూ ఏమీ మాట్లాడలేదు. మధ్యలో ఒకసారి "ఉప్పేసినవా?" అని అడిగింది. "ఇంక లేదే అవ్వా" అన్నాడు. మళ్లీ ఎవరి పనిలో వాళ్లున్నారు, కాల్ అలాగే నడుస్తోంది.