బ్రూనోని నీళ్లలో దింపే ముందు

చిరంజీవి స్వాతికి,

బ్రూనో మోకాలి లిగమెంట్ ఆపరేషన్ సవ్యంగా అయిందని రాశావు, మనసు కుదుటపడింది. కానీ ఆ తర్వాత రాశావు చూడు, "లాబ్రడార్ కదా పెద్దమ్మా, నీళ్లంటే ప్రాణం, పూల్‌లో వదిలేస్తే వాడే బాగుపడతాడు" అని, ఆ మాట దగ్గర మాత్రం కాస్త ఆగు. ఇన్నేళ్లు ఆపరేషన్ అయిన కుక్కల్ని నీళ్లలో నడిపించాను. ఉత్సాహం ఎక్కువున్న కుక్కలతోనే నాకు టెన్షన్.

కుట్లు తీసి గాయం పూర్తిగా మూసుకునేదాకా నీళ్ల ఊసే వద్దు. మామూలుగా దానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. బ్రూనోకి ఎముక కోసి ప్లేటు వేశారు కదా, అది అతుక్కోవడానికి సుమారు 8 వారాలు కావాలి. ఈలోగా వాడు ఈతలో కాలు విసురుగా తన్నాడంటే ఆ బలమంతా అతుకు మీదే పడుతుంది. నీళ్లలో నడక ఎప్పుడు, ఈత ఎప్పుడు అన్నది సర్జన్నే అడుగు. రెండూ విడివిడిగా అడుగు, ఎందుకంటే జవాబులు రెండూ ఒకటి కావు.

నన్నడిగితే మొదట అండర్‌వాటర్ ట్రెడ్‌మిల్, అంటే నీళ్లు నింపే అద్దాల పెట్టెలో కదిలే బెల్టు మీద నడక. ఈతలో చాలా కుక్కలు ముందు కాళ్లతో లాగేసి, వెనక కాళ్లను బద్ధకంగా ఆడిస్తాయి. కీలు బాగానే ముడుచుకుంటుంది గానీ పూర్తిగా చాచుకోదు. ట్రెడ్‌మిల్ మీద పాదం నేలకి ఆనుతుంది, అడుగు అడుగులా పడుతుంది.

ఇందులో అసలు పనంతా నీటి లోతుదే. నీళ్లు వెనక కాలి మడమ కీలు దాకా ఉంటే శరీర బరువులో 91 శాతం ఇంకా కాళ్ల మీదే ఉంటుంది. మోకాలి దాకా పోస్తే 85 శాతం. అదే తుంటి దాకా పోస్తే ఒక్కసారిగా 38 శాతానికి పడిపోతుంది. అంటే 30 కిలోల బ్రూనో 11 కిలోల చిల్లర మాత్రమే మోస్తాడన్నమాట. అందుకే నొప్పి ఉన్న కాలితో మొదలుపెట్టేటప్పుడు నీళ్లు ఎక్కువ పోసి, కాలు బలపడేకొద్దీ తగ్గిస్తూ వస్తాం. అలాగని మరీ ఎక్కువ పోసినా తంటాయే. తెలివైన కుక్క ఆ కాలిని హాయిగా తేలనిచ్చి, మిగతా మూడింటితో పని కానిచ్చేస్తుంది! అప్పుడు కొన్ని అంగుళాలు నీళ్లు తగ్గించి, బెల్టు వేగం కూడా తగ్గించాలి. వేగం పెంచితే కుంటుతూ గెంతడం నేర్చుకుంటుంది, నెమ్మదిగా నడిస్తే నాలుగో కాలు దించక తప్పదు.

మొదటి రోజు ఖాళీ పెట్టెలో నిలబెట్టి, గోరువెచ్చటి నీళ్లు కిందనుంచి మెల్లగా ఎక్కించమను. 28 నుంచి 32 డిగ్రీల మధ్య ఉంటే చాలు. కాలర్ పట్టుకుని లాగనివ్వకు, ఛాతీ చుట్టూ కట్టే హార్నెస్ వెయ్యి. ఒకటి రెండు నిమిషాలు నడక, తర్వాత విశ్రాంతి. అన్నీ కలిపి 5 నిమిషాలు నడిచినా మొదటి రోజుకి అదే ఎక్కువ. నువ్వు అద్దం పక్కన కూర్చుని వాడి పాదాలు చూడు. వేళ్లు వెనక్కి మడిచి ఈడుస్తున్నా, తోక వాలినా, తల కిందికి దిగినా, నాలుక వెడల్పుగా బయటికి వచ్చినా ఆపమని చెప్పు. "ఇంకొక్క నిమిషం" అనేవాళ్లు దొరుకుతారు, మొహమాటపడకు.

తర్వాత పూల్‌కి వెళ్లినా పిడి ఉన్న లైఫ్ జాకెట్ వేసి, మనిషి పక్కనే నీళ్లలో ఉండాలి. పదే పదే బంతి విసిరి తెప్పించుకోకు. నోట్లో బంతి పట్టుకుని ఈదే కుక్క గుక్కలు గుక్కలుగా నీళ్లు మింగేస్తుంది. అది ప్రాణం మీదికి కూడా తెస్తుంది. ఇంట్లో బాత్‌టబ్ ప్రయోగాలు అసలే వద్దు, జారితే మళ్లీ ఆపరేషన్ టేబులే.

వెళ్లే ముందు రెండు మూడు గంటలు తిండి పెట్టకు, బయట తిప్పి తీసుకెళ్లు. జ్వరం, విరేచనాలు, చెవి చీము, చర్మం మీద పుండు, వీటిలో ఏది ఉన్నా ఆ రోజు మానెయ్యి. గుండె జబ్బో, ఫిట్సో, ఊపిరి ఇబ్బందో ఉంటే ముందే చెప్పాలి. వాటి గురించి అడగకుండానే నీళ్లలోకి దింపే చోటైతే వెనక్కి వచ్చెయ్. వచ్చాక మంచి నీళ్లతో కడిగి, చెవులు, చంకలు, వేళ్ల సందులు పొడిగా తుడువు.

మర్నాడు పొద్దున లేచి వేసే మొదటి నాలుగు అడుగులు చూడు. నిన్నటికన్నా ఎక్కువ కుంటితే చేసింది ఎక్కువైందని అర్థం, తర్వాతి సారి తగ్గించమను. రెండు వారాలకోసారి టేపుతో తొడ చుట్టుకొలత తీసి రాసుకో. ఎప్పుడూ నువ్వే కొలువు, అదే చోట, వాడు అదే తీరున నిలబడి ఉండగా. టేపు కాస్త బిగిస్తే అంకె మారిపోతుంది.

మొదటి రోజు వీడియో తీసి పంపు. వాడి ముఖం ముద్దుగానే ఉంటుందిలే, కానీ పక్కనుంచి తియ్యి, నాకు కాళ్లు కనబడాలి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ