మెర్జ్‌బో పాత క్యాసెట్లు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా తమ్ముడు మెర్జ్‌బో అనే జపాన్ ఆయన ఆల్బమ్ 'పల్స్ డీమన్' పెట్టి హెడ్‌ఫోన్స్ నా చెవులకు తగిలించాడు. పాటా తాళం లేని ఒకటే హోరు, రెండు నిమిషాలకే తీసేశాను. మొదట్లో ఆయన రికార్డింగులు ఇలా ఉండేవి కావని, అవన్నీ అప్పటికప్పుడు వాయించినవేనని అంటున్నాడు. నిజమేనా? మన కచేరీల్లో మనోధర్మం లాంటిదా?
— ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: చాలావరకు నిజమేనండీ. కాకపోతే మొదటిరోజే పల్స్ డీమన్ పెడితే ఎవరైనా పారిపోతారు, అది 1996 నాటిది. మెర్జ్‌బో అంటే ప్రధానంగా మసామీ అకిటా అనే ఒక్క మనిషే. 1956లో టోక్యోలో పుట్టాడు, చిత్రకళ చదువుకున్నాడు, కుర్రతనంలో రాక్ బ్యాండ్లలో డ్రమ్స్ వాయించాడు. 1979లో స్నేహితుడు కియోషీ మిజుతానితో కలిసి ఈ పేరుతో మొదలుపెట్టాడు. చెత్త కాగితాలు, విరిగిన సామాన్లతో కళ చేసిన జర్మన్ కళాకారుడు కర్ట్ ష్విట్టర్స్ హనోవర్‌లోని తన ఇంట్లో కట్టిన 'మెర్జ్‌బౌ' అనే కళా నిర్మాణం నుంచి తీసుకున్న పేరది.

మనోధర్మంతో పోలిక కొంతవరకే. అక్కడ రాగం, తాళం ముందే ఉంటాయి, వాటి మధ్యే విహారం. ఇక్కడ అవేవీ లేవు, వాటి స్థానంలో ఉన్నవి పరికరాలే. మైకుని స్పీకర్ ముందు పెడితే కూత పుడుతుందా, దాన్ని జానెడు పక్కకు జరపండి, శ్రుతి మారిపోతుంది. వాయించేవాడు ఆ మార్పు విని మళ్లీ చెయ్యి కదపాలి. 1983లో వచ్చిన ఎల్పీ రికార్డు 'మెటీరియల్ యాక్షన్ 2' నాటికి మరీ చిన్న శబ్దాల్ని పట్టుకుని, అవి పగిలిపోయేదాకా పెంచడం ఆయన పద్ధతి అయ్యింది. అసలు ఏ వస్తువు శబ్దమో పోల్చుకోలేం, నాకు ఈ దశే అన్నిటికంటే ఇష్టం.

ఆ తొలినాళ్లవి ఎక్కువగా క్యాసెట్లే. వాటిని విడుదల చేసిన సొంత లేబుల్ (సంస్థ) పేరు 'లోయెస్ట్ మ్యూజిక్ అండ్ ఆర్ట్స్', అంటే అట్టడుగు సంగీతం, కళలు, పేరులోనే వెటకారం ఉంది చూడండి. జిరాక్స్ తీసిన కొలాజ్ (కత్తిరింపులు అతికించిన బొమ్మల) కవర్లు పెట్టి పోస్టులో పంపేవాడు. (ఆ కొలాజుల్లో బూతు పత్రికల కత్తిరింపులూ ఉండేవి, ఇంట్లో పిల్లలుంటే చూసుకోండి.) 2000లో ఆస్ట్రేలియా లేబుల్ ఎక్స్‌ట్రీమ్ 50 సీడీలతో 'మెర్జ్‌బాక్స్' తెచ్చింది, పాతవి చాలా అందులో దొరుకుతాయి. ఆ తొలినాళ్ల 'రెంబ్లాంట్ అసెంబ్లేజ్'తో మొదలుపెట్టండి, అదీ స్పీకర్లలో, తక్కువ సౌండుతో.

ప్రశ్న: ఈ గోల ఎవరైనా చెయ్యొచ్చు కదా?
— ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: చెయ్యొచ్చు, చేసి చూడండి. ఒక స్టీలు పళ్లెం, ఒక చెంచా, ఫోన్ రికార్డర్ చాలు. ఒక్కటే షరతు, పది నిమిషాల పాటు దరువు పడకూడదు. కాసేపటికే చెయ్యి తనంతట తానే ఏదో ఒక తాళంలో పడిపోతుంది, మనం ఆపినా ఆగదు. డ్రమ్స్ మీద పెరిగిన మనిషికి ఆ అలవాటుని పక్కన పెట్టడం ఇంకెంత కష్టమై ఉంటుందో మీరే ఆలోచించండి.