అప్పు చేసి ఇంగ్లండ్ పంపే ముందు ఏ కోర్సో చూడండి

ప్రశ్న: మా అమ్మాయి బీఈడీ చేసి ఆసిఫాబాద్ దగ్గర ప్రైవేటు స్కూల్లో ఏడాదిగా సైన్స్ చెబుతోంది. క్లాసులో ఇంట్లో గోండీ, లంబాడీ, మరాఠీ, ఉర్దూ మాట్లాడే పిల్లలున్నారు. ఇంగ్లండ్‌లో ఎంఏ ఎడ్యుకేషన్ చదివితే ఇలాంటి క్లాసు నడపడం బాగా వస్తుందంటోంది. లోన్ తీసుకుని పంపమంటారా?

జవాబు: మీ అమ్మాయి ఆలోచనలో తప్పు లేదండీ. ఇక్కడ పాఠం అర్థంకాక నోరు మెదపని పిల్లని మొద్దు అనేసుకోవడం తేలిక, అదే టీచర్ పరాయి దేశపు క్లాసులో యాస అందక, అడగడానికి మొహమాటపడి, అందరూ నవ్వితే ఎందుకో తెలియకుండానే తనూ నవ్వేసినప్పుడు ఆ మౌనం ఏమిటో తెలిసొస్తుంది.

కానీ విమానం ఎక్కగానే ఇది రాదు. తెలుగువాళ్లతోనే ఫ్లాట్‌లో ఉంటూ, పార్ట్‌టైమ్‌కి పరిగెడుతూ డిగ్రీ తెచ్చుకున్నవాళ్లు బోలెడుమంది.

ఎంఏ ఎడ్యుకేషన్ చాలాచోట్ల వ్యాసాలు, డిజర్టేషన్‌తోనే అయిపోతుంది, స్కూలు గడప తొక్కక్కర్లేదు. పీజీసీఈ విత్ క్యూటీఎస్ (మన బీఈడీ లాంటి టీచర్ శిక్షణ, దాంతోపాటు ఇంగ్లండ్‌లో టీచర్‌గా గుర్తింపు) అలా కాదు, కనీసం రెండు స్కూళ్లలో కలిపి 120 రోజులు శిక్షణ ఉంటుంది. అక్కడి స్కూళ్లలో దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరి ఇంటి భాష ఇంగ్లిష్ కాదు. పంజాబీ, పోలిష్, ఉర్దూ పిల్లలున్న క్లాసులో కొత్త పదాలు ముందే పరిచయం చేసి, బొమ్మలు గీయించి, కాసేపు తమ భాషలో మాట్లాడుకోనిచ్చి సైన్స్ ఎలా చెబుతారో దగ్గరుండి చూసి, తనూ చెప్పి, తప్పులు దిద్దించుకోవాలి. ఆసిఫాబాద్‌లో పనికొచ్చేది అదే.

ఇక డబ్బు. తిరిగొచ్చి డీఎస్సీ రాస్తే విదేశీ ఎంఏకి మార్కులేం కలవవు, ప్రైవేటు స్కూలు జీతంతో అంత లోన్ తీర్చడం అయ్యే పని కాదు. ఇంటర్నేషనల్ స్కూల్లో చేరితే లెక్క వేరు, కాకపోతే అక్కడ గోండు పిల్లలు ఎంతమంది ఉంటారు చెప్పండి!

నేనైతే ఇప్పుడే వద్దంటాను. ఐదేళ్ల అనుభవం వచ్చాక హైస్కూల్ టీచర్లకి ఫుల్‌బ్రైట్ (అమెరికా ప్రభుత్వ స్కాలర్‌షిప్) వాళ్ల ఆరు వారాల ప్రోగ్రామ్ ఉంది, అమెరికాలో అక్కడి స్కూళ్లు చూపిస్తారు, ఖర్చు వాళ్లదే. ప్రకటన పడిందేమో మన దేశంలో ఫుల్‌బ్రైట్ వ్యవహారాలు చూసే యూఎస్ఐఈఎఫ్ సైట్‌లో ఏటా చూసుకోవాలి. ఈలోపు పిల్లల దగ్గరే గోండీ నేర్చుకోమనండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లోనే గోండీ, కొలామీ సహా ఎనిమిది గిరిజన భాషల్లో బహుభాషా విద్య మొదలైంది, అప్పట్లో పనిచేసిన టీచర్లు ఉట్నూరు వైపు దొరికితే వాళ్లని కలవమనండి.

అయినా వెళ్తానంటే పీజీసీఈకే అప్లై చేయించండి, ఆఫర్ లెటర్‌లో క్యూటీఎస్ అని ఉందో లేదో చూశాకే ఫీజు కట్టండి.